మదర్‌బోర్డుకి స్నానం

లాప్‌టాప్ పాడై మా షాపుకి వచ్చేవాళ్ళందరూ ముందు ఒకటే మాట చెబుతారు. "మేమేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది." అద్దం పగిలినా, మూలకి సొట్ట పడినా, కీల సందుల్లోంచి కాఫీ వాసన వస్తున్నా అదే మాట. నేను వాదించను. మిషన్ తిరగేసి ముందు బ్యాటరీ ఊడదీస్తాను. తర్వాత ఒక్కొక్క స్క్రూ విప్పుతుంటే సంగతి అదే బయటపడుతుంది.

మా షాపు ఆటోనగర్‌లో ఉంది. అటు లారీ బాడీలు కట్టేవాళ్ళు, ఇటు స్ప్రింగ్ పట్టీలు వంచేవాళ్ళు, మధ్యలో మేము. మా ఆయన ఇదే రేకుల షెడ్డులో సెల్ఫ్ మోటార్లు రీవైండింగ్ చేసేవాడు. ఆయన పోయాక అదే బల్ల మీద కూర్చుని నేను కాయిల్స్ చుట్టాను, టంకం పెట్టాను. పెద్ద మోటార్ల నుంచి టీవీ బోర్డుల మీదికి, అక్కడినుంచి లాప్‌టాప్‌ల మీదికి చెయ్యి దానంతట అదే వెళ్ళింది. పక్క షెడ్డులో రేడియేటర్లు బాగుచేసే ఖాలిక్ భాయ్ కూతురు జుబియా డిప్లొమా చదువుకుంది. "తెర మీద వచ్చేదంతా నువ్వు చూసుకో, తెర వెనకాల ఉన్నదంతా నేను చూసుకుంటాను" అని పిలిచాను. అప్పటినుంచి షాపు ఇద్దరిదీ. లారీల మధ్య లాప్‌టాప్ షాపేంటని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు తమ పిల్లల మిషన్లు పట్టుకొస్తున్నారు.

రెండువేల ఏడు, రోహిణీ కార్తె. పొద్దున్నే రేకులు కాలిపోతున్నాయి. బందరు బస్సు దిగి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి బలంగా ఉంది, చీరకుచ్చెళ్ళు పైకి దోపుకుని, చంకలో తువ్వాలు చుట్టిన మూటతో ముందు నడుస్తోంది. కూతురు పల్చగా ఉంది, కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. బల్ల మీద మూట పెట్టి, తువ్వాలు విప్పి, పసిబిడ్డని చూపించినట్టు చూపించింది తల్లి.

"నా పేరు పోలేరమ్మ. మాది గిలకలదిండి. ఇది మా హేమ, ఎమ్సీయే చదువుతోంది. దీన్ని లేపాలమ్మా, ఎట్టాగైనా."

"ఏమైంది?"

"ఏం కాలేదు," అంది పోలేరమ్మ గబగబా. "దానంతటదే ఆగిపోయింది."

జుబియా నా వైపు చూసి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

హేమ చెప్పింది: "ఎల్లుండి నాకు ప్రాజెక్ట్ వైవా అండీ. ప్రాజెక్ట్ అంతా దీన్లోనే ఉంది. సెలవుల్లో ఇంటికెళ్ళి చేసుకుంటున్నా. బాగా వేడెక్కి మధ్యలో ఆగిపోతూ ఉండేది, కాసేపాగి వేస్తే మళ్ళీ వచ్చేది. నిన్న పొద్దున ఇంట్లో పెట్టి బందరు వెళ్ళి ప్రింట్ల పని చూసుకుని వచ్చాను. వచ్చి బటన్ నొక్కితే ఒక్కసారి లైటు వెలిగి పోయింది. మళ్ళీ రాలేదు."

"ఎన్నిసార్లు నొక్కావు?"

"లెక్కలేదండీ. బస్సులో కూడా నొక్కుతూనే ఉన్నా."

"ఇంక నొక్కకు" అని బ్యాటరీ లాగేశాను. ఆటోనగర్‌లో అందరూ ఎరిగిన సంగతే ఇది. బండి స్టార్ట్ కాకపోతే డ్రైవరు సెల్ఫ్ కొడుతూనే ఉంటాడు. బండిని చంపేది మొదటి జబ్బు కాదు, ఆ తర్వాత కొట్టిన సెల్ఫులు.

"ప్రాజెక్ట్ ఇంకెక్కడైనా కాపీ పెట్టుకున్నావా?" అడిగింది జుబియా.

"ఒక సీడీ ఉందండీ. కానీ అది సంక్రాంతి ముందుది. అసలు పనంతా తర్వాతే చేశాను. వైవాలో నడిపి చూపించకపోతే మళ్ళీ ఆరు నెలల తర్వాతే. మా గైడ్ గారు ముందే చెప్పేశారు."

"ఏం భయంలేదు. మిషన్ పోయినా డిస్కు పోదు" అంది జుబియా ధీమాగా. అడుగున మూత విప్పి హార్డ్ డిస్కు తీసి, మా షాపు కంప్యూటరుకి తగిలించింది. చక్రం తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. జుబియా కనుబొమలు ముడుచుకున్నాయి.

"దీనికి పాస్‌వర్డ్ పెట్టావా?"

"అవునండీ. బయోస్‌లోకి వెళ్ళి డిస్కుకే పెట్టాను. హాస్టల్లో నేను టిఫినుకి వెళ్ళొచ్చేలోపు ప్రాజెక్టులు కాపీ కొట్టేస్తారు. ఆ పాస్‌వర్డ్ నాకు తెలుసు కదా, కొట్టి తెరుద్దాం."

"అంత తేలిక్కాదు" అంటూ జుబియా కుర్చీ వెనక్కి జరిపింది.

బయోస్ అంటే ఏమిటో చెప్పాలి. బటన్ నొక్కగానే విండోస్ రాదు. దానికంటే ముందు బోర్డు మీదే ఉండే చిన్న ప్రోగ్రాం ఒకటి నిద్రలేచి, నా ఒంట్లో ఏమున్నాయి, మెమొరీ ఉందా, డిస్కు ఉందా, ఫ్యాను తిరుగుతోందా అని తడుముకుని చూసుకుంటుంది. అదే బయోస్. డిస్కుకి తాళం వేసింది అదే. మనం కొట్టిన పాస్‌వర్డ్‌ని తనకి తెలిసిన పద్ధతిలో మార్చి డిస్కుకి పంపుతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కాబట్టి అక్షరాలు తెలిసినా, వేరే కంపెనీ మిషన్‌లో పెట్టి కొడితే ఆ తాళం రాదు. జుబియా తెలిసిన షాపులకి ఫోన్ చేసింది. ఆ కంపెనీది పాతదైనా ఒకటి దొరుకుతుందేమోనని. ఎవరి దగ్గరా లేదు. హైదరాబాదు నుంచి తెప్పించాలన్నారు.

"అంటే ఈ బోర్డే లేవాలి" అన్నాను.

హేమ బల్ల అంచు పట్టుకుంది. "లేస్తుందా ఆంటీ?"

"తీసి చూస్తేగా తెలిసేది. కూర్చో."

ఒక అట్టముక్క తీసుకుని దాని మీద లాప్‌టాప్ అడుగు ఆకారం గీశాను. ఇంజను విప్పే మేస్త్రీలు చేసే పని ఇది. ఏ బోల్టు ఎక్కడిదో అట్ట మీద అదే చోట గుచ్చుతారు. చదువు అక్కర్లేదు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లాప్‌టాప్‌లో పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే పైనున్న ప్లాస్టిక్కుని పొడుచుకుని బయటికొస్తుంది, లేదంటే బోర్డునే చీలుస్తుంది. అందుకే ఒక్కొక్కటీ తీసి అట్టకి గుచ్చుతూ పోయాను. కీబోర్డు పైకి లేపి, దాని అడుగున రిబ్బను పట్టిన చిన్న గొళ్ళెం గోటితో ఎత్తి విడదీశాను. చేతులు పెట్టుకునే పలక ఊడింది. ఫ్యాను కనపడింది.

"అమ్మో, ఇదేంటి ఆంటీ!"

గాలి పోవలసిన సందులో దుమ్ము పరుపులాగా పేరుకుపోయింది. మిషన్ వేడెక్కి ఆగిపోవటానికి కారణం అదే. అది మామూలే, అందరి మిషన్లలోనూ ఉండేదే. నన్ను ఆపింది అది కాదు. ఫ్యాను పక్కన, బోర్డు మీద, తెల్లగా గుండ్రటి మరకలున్నాయి. రాత్రి ముగ్గు మీద చినుకులు పడి ఆరిపోయినట్టు. వేలితో తాకితే గరుకుగా ఉంది. ఒకచోట రాగి తీగ అప్పుడే పచ్చబడుతోంది.

భూతద్దం జుబియాకిచ్చాను. ఆమె చూసి, "తడిసింది పిన్నీ" అంది.

"నేను నీళ్ళేం పొయ్యలేదండీ!" అంది హేమ. "ఒట్టు. ఇంట్లో టేబుల్ మీద పెట్టాను, అంతే."

"సముద్రం గాలికి ఇలా పట్టిందేమో" అంది జుబియా.

నేను తల అడ్డంగా ఊపాను. సముద్రం గాలి పడితే అంతటా సన్నగా, సమంగా పొడిలాగా పడుతుంది, దానికి నెలలు కావాలి. ఇవి బొట్లు. కింద సందుల్లోంచి లోపలికి చింది ఎండిన బొట్లు.

సరిగ్గా అప్పుడు పోలేరమ్మ లేచింది. "లోపల గాలాడటంలా. బయట నిలబడతా" అని వెళ్ళిపోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపలే ఫ్యాను ఉంది.

కాసేపాగి, ఖాలిక్ భాయ్‌ని బ్యాటరీ నీళ్ళు అడిగొస్తానని నేనూ బయటికొచ్చాను. పోలేరమ్మ షెడ్డు నీడలో కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటి వదినా," అన్నాను, "చెప్పు."

"ఏం చెప్పను?"

"ఆ మిషన్ ఎలా తడిసిందో నీకు తెలుసు."

ఆమె కూతురున్న వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది. "పిల్లకి చెప్పకూడదు."

"నేను చెప్పను."

"మీ ఆయన మీద ఒట్టు."

"ఆయన పోయి చాలాకాలమైంది. ఒట్టుకి ఇంకెవర్నయినా చూడు. నేను చెప్పనన్నానంటే చెప్పను."

అప్పుడు చెప్పింది. "పిల్ల కూచుని పనిచేసుకుంటా ఉంటే అది కాలిపోతా ఉంది. చెయ్యి పెడితే చుర్రుమంటది. ఆగిపోయినప్పుడల్లా పిల్ల తల బాదుకుంటది. సూళ్ళేకపోయాను. మా చేపల బేరంలో ఏడి తగలకూడని సరుకుంటే ఏం చేస్తాం? ఐసులో పెడతాం. నిన్న అది బందరు వెళ్ళగానే ధర్మాకోలు పెట్టె కడిగి, అడుగున ఐసు కొట్టి పోసి, పైన ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద ఇది పెట్టి మూతేశాను. పిల్ల వచ్చేలోపు తీసి తుడిచి పెట్టేశా. పైకి తడి లేదమ్మా, నిజం. కవరు ఎక్కడో చిరిగినట్టుంది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆమె మొహం చూస్తే నవ్వే వీల్లేదు.

"ఉట్టి ఐసేనా?"

ఆమె కాలి బొటనవేలితో మట్టి గీకింది.

"వదినా, ఇది ముఖ్యం. ఉట్టి ఐసు నీళ్ళయితే ఆరబెడితే చాలు. ఉప్పు వేశావా?"

"ఏశాను" అంది. "పొరుగూరు పంపే సరుక్కి ఏస్తాం. ఉప్పేస్తే గట్టిగా చల్లబడద్ది. పిల్లదీ మంచి సరుకే గదా అని... ఉప్పుకి ఏమవుద్ది?"

"నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఆరదు. అక్కడే కూర్చుని రాగిని తింటూ ఉంటుంది. మీ పడవ ఇంజన్ల మీద చూళ్ళా?"

"సూశాను" అంది పోలేరమ్మ. ఆ మాటతో ఆమెకి పూర్తిగా అర్థమైంది. గోడకి జారగిలబడింది. "అయితే సచ్చినట్టేనా?"

"కాదు. కడగాలి."

ఖాలిక్ భాయ్ దగ్గర బ్యాటరీల్లో పోసే నీళ్ళ డబ్బా తీసుకుని లోపలికి నడిచాను. బ్యాటరీ నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఏమీ ఉండవు. కుళాయి నీళ్ళతో కడిగితే కొత్త మరకలు పడతాయి. దీంతో కడిగితే పాతవి పోతాయి.

హేమ నా చేతిలో డబ్బా చూసి, "అదెందుకు?" అంది.

"బోర్డుకి స్నానం చేయించాలి."

"నీళ్ళతోనా!" లేచి నిలబడింది. "నీళ్ళు పడి పాడైందని మీరే అన్నారు. మళ్ళీ నీళ్ళు పోస్తారా? వద్దు."

"కరెంటు లేనప్పుడు నీళ్ళేం చెయ్యవమ్మా. బ్యాటరీ తీశాను, ఈ రూపాయి బిళ్ళంత గడియారం సెల్లు కూడా తీసేస్తాను. తర్వాత కడిగి ఆరబెడితే..."

"వద్దండీ ప్లీజ్. ఆరబెట్టండి చాలు. తుడిచి ఆరబెట్టి చూడండి."

"తుడిస్తే చిప్పుల కిందకి గుడ్డ వెళ్ళదు. అక్కడుంది అసలు సంగతి."

"ఏముంది అక్కడ?" అని నిలదీసింది. "మీకెలా తెలుసు? వేలితో తాకి చెప్పేస్తారా? దుమ్మే అయ్యుండచ్చుగా."

ఆ పిల్ల అడిగింది తప్పేమీ కాదు. నాదైనా అలాగే అడుగుతాను. అది ఆమె మిషన్, ఆమె చదువు. యజమాని ఒప్పుకోకుండా ఎవరి బోర్డూ నేను తడపను. ఉప్పు ఉందని గట్టిగా చెప్పటానికి నా దగ్గర ఒకే సాక్ష్యం ఉంది, దాన్ని చెప్పనని ఇప్పుడే మాటిచ్చి వచ్చాను. జుబియా నా మొహం చూస్తోంది, నేను ఎందుకు ఆగానో దానికి తెలీదు.

"హేమా, మా మాట నమ్ము" అంది జుబియా.

"నమ్మటం కాదు మేడం. పోతే మీకొక మిషన్ పోతుంది, నాకు ఆరు నెలలు పోతాయి. ఇచ్చేయండి. బీసెంట్ రోడ్డు షాపుల్లో ఇంకెవరికైనా చూపిస్తాను. డ్రయ్యరు పెట్టి ఆరబెట్టి ఆన్ చేస్తారు."

ఆన్ చేస్తారు. నిజమే, చేసేవాళ్ళున్నారు. ఉప్పు ఉండగా కరెంటిస్తే ఇంక ఆ బోర్డు హైదరాబాదు కాదు, ఎక్కడికి తీసుకెళ్ళినా లేవదు. హేమ ఊడదీసిన ముక్కలు తువ్వాల్లోకి సర్దటం మొదలుపెట్టింది. నేను అట్టముక్కని నా వైపు లాక్కుని పట్టుకున్నాను, అంతకంటే చెయ్యగలిగింది లేక.

"ఒసే, ఆగు."

గుమ్మంలో పోలేరమ్మ. కొంగు దులిపి నడుముకి దోపుకుంది, బజారులో బేరానికి దిగేముందు దోపుకున్నట్టు.

"అక్కడుంది ఉప్పు. ఆ అక్కకి నేనే చెప్పాను. నేనే ఐసులో పెట్టాను."

హేమకి మొదట అర్థం కాలేదు. "దేన్ని?"

"దీన్ని. ఐసు పెట్టెలో."

"చేపల పెట్టెలోనా?"

"కడిగిన పెట్టేనే! కొత్తది! కవరేసి పెట్టా!"

హేమ మొహం ఎర్రబడింది.

"నీకెవరు చెప్పారు పెట్టమని? లాప్‌టాప్ ఏమన్నా పండుగప్ప చేప అనుకున్నావా? పైగా ఏమీ ఎరగనట్టు నాతో బస్సెక్కి వచ్చావు! దారంతా 'ఏడవకే, ఏడవకే' అంటూ!"

"మరి ఏడస్తా ఉంటే ఏడవమనాలా?"

"నన్ను ఒక్కమాట అడగచ్చుగా!"

"అడిగాను" అంది పోలేరమ్మ. ఇప్పుడు ఆమె గొంతు పెరిగింది. "మొన్న అడిగాను, అటుమొన్న అడిగాను. ఎందుకే అట్టా కాలిపోతోంది, ఏం చెయ్యాలే అని. నువ్వేమన్నావు? 'నీకు తెలీదులే అమ్మా' అన్నావు. ఏదడిగినా అదేగా. అందుకని నాకు తెలిసింది నేను చేశాను. నాకు తెలిసిందల్లా ఐసే."

హేమ తువ్వాలు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. జుబియా గభాలున అటు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది, దాని భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. దాన్ని చూసి హేమ మూతి కూడా వంకర తిరిగింది.

"పండుగప్ప పాడవలేదా?" అంది చివరికి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో. "నీ ఐసులో?"

"నా చేతి సరుకు ఏనాడూ పాడవలేదే. ఇదే మొదటిది."

హేమ తువ్వాలు విప్పి ముక్కలన్నీ మళ్ళీ బల్ల మీద పెట్టింది. "కడగండి ఆంటీ."

ఇంక నేను ఆలస్యం చెయ్యలేదు. ఫ్యానూ, వేడిని లాగే రాగి గొట్టమూ విప్పాను. బోర్డు బయటికి తీసి గడియారం సెల్లు ఊడబెరికాను. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, బ్యాటరీ నీళ్ళు పోసి, మెత్తటి బ్రష్షుతో చిప్పుల అంచుల వెంట, సాకెట్ల సందుల్లో నెమ్మదిగా రుద్దాను. నీళ్ళు మార్చాను. మళ్ళీ రుద్దాను. పచ్చబడ్డచోట పెచ్చు లేచి రాగి మెరిసింది, తీగ తెగలేదు. ఆఖరున, నీళ్ళని లాగేసుకుని ఎగిరిపోయే స్పిరిట్‌తో ఒకసారి తడిపి ఎత్తాను. హేమ కళ్ళు మూసుకుని నిలబడింది, పోలేరమ్మ మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది.

"చేపకి పొలుసు తీసినట్టే ఉంది" అంది.

"నువ్వు కాసేపు చేప మాటెత్తకమ్మా" అంది హేమ.

ఆరబెట్టటం మాకు కష్టం కాదు. బాడీ కట్టటానికి వచ్చిన లారీ ఒకటి ఎదురుగా ఎండలో నిలబడి ఉంది. రోహిణీ కార్తెలో అద్దాలెత్తిన లారీ క్యాబిన్ కంటే మంచి పొయ్యి లేదు. సమంగా, అంతటా, పొడిగా వేడి. డ్రయ్యరు ఒక్కచోటే కాలుస్తుంది. బోర్డుని పల్చటి గుడ్డ మీద పెట్టి సీటు మీద ఉంచి తలుపు మూశాను. సాయంత్రం దాకా తియ్యొద్దని చెప్పాను.

పోలేరమ్మ ఆ లారీ దగ్గరే చక్రం నీడలో కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఖాలిక్ భాయ్ భార్య సయీదా భాభీ ఇంటినుంచి పంపిన అన్నం కూడా అక్కడే తింది. మధ్యాహ్నం లారీ డ్రైవరు వచ్చి బండి ముందుకి జరపాలన్నాడు. నేను షెడ్డులో ఫ్యాను శుభ్రం చేస్తూ వాళ్ళ మాటలు విన్నాను.

"లేవమ్మా, బండి తియ్యాలి."

"కుదరదు. లోపల మా అమ్మాయి చదువు ఎండుతోంది."

"ఏం ఎండుతోంది?"

"చదువు బాబూ, చదువు. సాయంత్రం రా."

"నా బండమ్మా ఇది!"

"నీ బండిని నేను తినేస్తానా? పో, టీ తాగి రా. ఆ మేస్త్రీ ఇంకా బాడీ వెనక తలుపులే బిగించలా, నువ్వెక్కడికి పోతావు?"

డ్రైవరు ఖాలిక్ భాయ్ వైపు చూశాడు. ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. డ్రైవరు టీ తాగటానికి వెళ్ళాడు.

ఎండ వాలాక బోర్డు తీసుకొచ్చి భూతద్దంతో మూలమూలా చూశాను. తెలుపు లేదు, తడి లేదు. ప్రాసెసరు మీద పాత పేస్టు గీకి, కొత్తది పల్చగా రాశాను. రాగి గొట్టం, ఫ్యాను బిగించాను. కొత్త సెల్లు వేశాను. డిస్కు పెట్టలేదు. అది ఆఖరుకి. బోర్డు కాలినా డిస్కు మిగలాలి.

"జుబియా, ఇవ్వు కరెంటు."

లైటు వెలిగింది. ఆగలేదు. ఫ్యాను ఒక్కసారి గుర్రుమని తగ్గింది. తెర నల్లగా ఉండి, ఉండి, కంపెనీ పేరు వచ్చింది. ఎవ్వరం కేక వెయ్యలేదు. జుబియా అప్పటికే ఎఫ్2 నొక్కుతూ బయోస్‌లోకి వెళ్ళింది. సెల్లు తీశాం కదా, తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది. సరిచేసింది. మెమొరీ ఉంది. పరీక్షించుకునే ప్రోగ్రాం నడిపించి, వేడి ఎంతవరకు వెళ్తుందో చూస్తూ కూర్చుంది. ఎక్కి, ఒకచోట నిలబడింది.

"చల్లగా ఉందే!" అంది పోలేరమ్మ, చెయ్యి పెట్టి చూసి. "ఐసు లేకుండానే!"

హేమ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి తీసింది.

ఆపేసి, డిస్కు పెట్టి మళ్ళీ వేశాం. తాళం బొమ్మ, పక్కన ఖాళీ గడి వచ్చింది. హేమ కూర్చుని కొట్టింది. తప్పు అంది. మళ్ళీ కొట్టింది. తప్పు. మూడోసారీ తప్పయ్యేసరికి, మిషన్ ఆపి మళ్ళీ వెయ్యమని తెర మీద వచ్చింది.

"నువ్వు పెట్టింది ఇదేనా? కంగారులో మర్చిపోయి ఉంటావు" అన్నాను నేను.

"నా పాస్‌వర్డ్ నాకు తెలీదా ఆంటీ?"

"పెద్దక్షరాలు చిన్నక్షరాలు..."

"ఆగండి." ఆపి, వేసి, ఈసారి ఒక్కొక్క కీ నొక్కుతూ తెరనే చూసింది. నేను వేళ్ళు చూస్తున్నాను, ఆ పిల్ల చుక్కలు చూస్తోంది. "ఇక్కడ! ఇది నొక్కితే చుక్క పడట్లా. ఒక కీ చచ్చిపోయింది."

బోర్డుని అంత కడిగాను గానీ కీబోర్డు సంగతి నాకు తట్టలేదు. ఉప్పు దాన్ని కూడా పలకరించి వచ్చింది. తాళం తప్పని అనుకున్నాను, తాళంచెవికి పన్ను విరిగింది. జుబియా మా షాపు కీబోర్డు తెచ్చి పక్కనున్న సందులో గుచ్చింది. హేమ అరచేతులు డ్రెస్సుకి తుడుచుకుని కొట్టింది.

తాళం బొమ్మ పోయింది. విండోస్ వచ్చింది.

అప్పుడు వేసింది కేక జుబియా. ఖాలిక్ భాయ్ సుత్తి చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు, ఏం పేలిందోనని.

ఇంక దేన్నీ నమ్మదలచుకోలేదు మేము. ముందు ప్రాజెక్ట్ ఫోల్డరు మా కంప్యూటర్లోకి, అక్కడినుంచి సీడీల్లోకి. ఒక సీడీ హేమ సంచిలో పెట్టింది. ఒకటి పోలేరమ్మ అడిగి తీసుకుని, అటూఇటూ తిప్పి, తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. మిషన్ ఈ ఒక్క వైవా దాటినా చాలు, దాటకపోయినా కాలేజీ కంప్యూటర్లో నడిపి చూపించొచ్చు.

"సరే, ఏముంది దీన్లో?" అంది పోలేరమ్మ. "ఇంత చేశాక నాకు చూపించవా?"

హేమ నోరు తెరిచింది. ఏ మాట రాబోయిందో మాకందరికీ తెలుసు. ఆ మాట అనలేదు. కుర్చీ జరిపి, తల్లికి చోటిచ్చింది.

"ఆస్పత్రి అమ్మా. ఆస్పత్రిలో రోగులు వస్తే పేరు రాసుకోవటం, ఏ డాక్టరు, ఏ మంచం, ఏ మందు, అన్నీ ఇదే చూసుకుంటుంది."

"ఏ ఆస్పత్రి? గవర్నమెంటుదా?"

"ఏదీ కాదు. ఉత్తుత్తిది."

"ఉత్తుత్తి ఆస్పత్రి కోసమా ఇంత ఏడ్చావు!" పోలేరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "రోగులున్నారా పోనీ?"

"ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. వైవా ముందు వెయ్యాలి."

"అయితే నన్ను వెయ్యి. ఊ. మొదటి బేరం నాది."

హేమ నవ్వి, మా కీబోర్డు మీద తల్లి పేరు కొట్టింది. ఊరు కొట్టింది. వయసు దగ్గర తల్లీకూతుళ్ళకి వాదన వచ్చింది, కూతురు ఒకటంటే తల్లి తక్కువ చెప్పింది, తక్కువదే పడింది. తర్వాత గడి జబ్బుది.

"ఏం రాయను?" అంది హేమ.

"జ్వరం అని రాయకు, మంచిది కాదు" అంది జుబియా వెనకనుంచి.

పోలేరమ్మ ఆలోచించింది. ఖాలిక్ భాయ్ సుత్తి భుజాన వేసుకుని, నేను అట్టముక్క పట్టుకుని, అందరం ఆ ఖాళీ గడి వైపే చూస్తున్నాం.

"చల్లదనం ఎక్కువైంది అని రాయి" అంది పోలేరమ్మ. "మందేమిస్తావో నేనూ చూస్తా."

హేమ డాక్టరు పేర్ల పట్టీ తెరిచి, ఎవరికి పంపించాలా అని వెతకటం మొదలుపెట్టింది.